ఆర్డరు కాయితంలో నేను కలిపిన రెండు మాటలు

ముప్పై ఒక్క ఏండ్లు స్టోర్సులో పనిచేసినాను. ఒక్క గుండుసూదుల పెట్టె కూడా ఇంటికి తీసుకుపోలేదు. డీలర్లు ఏటా ఇచ్చే స్వామివారి క్యాలెండరు తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. రిటైరైన రోజు వేదిక మీద మాట్లాడిన వాళ్ళంతా ఇదే చెప్పినారు. ప్రిన్సిపాల్ సారు కూడా చెప్పినారు గానీ, చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా శాలువా మడతలు సర్దుకుంటూ ఉండిపోయినారు. ఎందుకో ఆ హాల్లో కొద్దిమందికే తెలుసు.

ఆ ఎందుకో రాద్దామని కూర్చున్నాను. పేర్లు రాయను. తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో ఒక ఆడపిల్లల కాలేజీ అంటే చాలు, ఆ దారిలో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. ఇప్పుడిప్పుడే ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలూ, మీకు ఫైలు కట్టేదీ సరుకు కావాలని ఇండెంటు రాసేదీ ఎవరో ఒకరు నేర్పిస్తారు. పక్క కుర్చీలో వాళ్ళని చూసి కడుపు మండితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఎడమకాలికి జబ్బు చేసి ఆరేండ్లు ఇంట్లోనే ఉండిపోయినాను. నాయన రేణిగుంట స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు ఊడిపోయిన పార్సిల్ చీటీలు జేబులో వేసుకొచ్చేవాడు. యాడి నుంచి, యాడికి, లోపలేముంది, బరువెంత. తెలుగూ ఇంగ్లీషూ, కొంచెం తమిళం కూడా, నాకు ఆ చీటీల మీదే వచ్చినాయి. "పెట్టె తెరిచేముందర చీటీ సదవాల పాపా. సదివినాకనే సంతకం" అనేవాడు. పదో తరగతి ప్రైవేటుగా రాసినాను, డిగ్రీ దూరవిద్యలో. అంతా నాయన పెట్టిన భిక్ష.

కాలు బాగైతే కొండకు నడిపిస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు ఒక్కసారికి తీరిపోయినా నేను ఆపలేదు. నెలకొక ఆదివారం అలిపిరి నుంచి మెట్లకు పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కేదాన్ని. మెట్టుకొక మనిషిని తలుచుకుని దండం పెట్టుకునేది నా అలవాటు. నాయనకొక మెట్టు, కాలికి మందిచ్చిన డాక్టరుకొక మెట్టు, ఉద్యోగమిచ్చిన వాళ్ళకొకటి. పొద్దున దీపం పెట్టేటప్పుడూ అంతే, వరసగా ఇంతమందిని తలుచుకోనిదే కాఫీ తాగను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఇంత భక్తి ఉన్నదానికి అంత కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడుగుతారు కదా, అది నేనూ అడుక్కున్నానని చెప్పడానికి.

మా ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. మిగతా గుమస్తాలు షాకు కొడుతుందేమోనని దూరంగా నిలబడినారు. అప్పటి నుంచి కంప్యూటరు ఏది కొన్నా, ఎవరి దగ్గర కొన్నా నా మాటే. ప్రిన్సిపాల్ సారు ఫైలు తెరవకుండానే, "అమ్మ చూసిందా? చూస్తే చాలు" అని సంతకం పెట్టేవారు. ఆ "చూస్తే చాలు" నాకు ప్రసాదం మాదిరి ఉండేది.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి.

చిత్తూరు పిల్ల, టైలరు కూతురు. మదరాసు వైపు పోయి చదువుకొచ్చింది. కంప్యూటర్ ల్యాబుకు ఇన్‌చార్జిగా చేరింది, ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగించే ఉద్యోగం. పొద్దున ఐదు గంటల బస్సెక్కి చిత్తూరు నుంచి వచ్చేది, సాయంత్రం మళ్ళీ బస్సు. పర్మనెంటు చేస్తే తిరుపతిలో ఇల్లు తీసుకుని వాళ్ళమ్మను కూడా తెచ్చుకుంటానని నాతోనే చెప్పింది. మధ్యాహ్నం నా గదికొచ్చి, "అమ్మా, ఈడ కూర్చుని తినచ్చా?" అని అడిగి క్యారియరు విప్పేది. నా పెరుగన్నంలోకి వాళ్ళింటి నిమ్మకాయ ఊరగాయ వేసేది. ఇండెంటు రాసేది, ఆర్డరు చేసేది, బిల్లు పాస్ చేసేది అన్నీ నా దగ్గరే కూర్చుని నేర్చుకుంది. నేను చెప్పిందల్లా చిన్న పుస్తకంలో రాసుకునేది. అట్లాంటి పిల్ల మీద ఏం కోపం ఉంటుంది చెప్పండి? కోపం కాదు. అంతకంటే అన్యాయమైనది.

నేను నాలుగేండ్లుగా అట్ట ముక్క మడిచి పెట్టి, బుజ్జగించి నడుపుతున్న ప్రింటరును ఆ పిల్ల ఒకరోజు రెండు నిమిషాల్లో బాగుచేసింది. అట్ట ముక్క తీసి నా చేతికిచ్చి, "ఇది ఇంక వద్దమ్మా" అనింది. ఆఫీసంతా చప్పట్లు. ఆ అట్ట ముక్కను నేను డ్రాయరులో పెట్టుకున్నాను. ఇంకోరోజు ప్రిన్సిపాల్ సారు గదికి ఫైలు తీసుకుపోతే ఆ పిల్ల ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. టేబులు మీద రెండు టీ గ్లాసులు. ముప్పై ఏండ్లలో నేను ఆ గదిలో నిలబడే మాట్లాడినాను. కూర్చోమని ఆయన అనలేదని కాదు, అన్నప్పుడు నేనే వద్దన్నాను. అయినా ఆ రెండో గ్లాసు నా కళ్ళలో నుంచి పోలేదు.

ఆ వారమే పొద్దున దీపం ముందు వరస చెప్పుకుంటుంటే గమనించినాను. పాలు పోసే చేతికి కూడా దండం పెట్టుకునే నేను, ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి దాటేసి ముందుకు పోతున్నాను.

ఇంక కంప్యూటర్ల సంగతికి వస్తాను. మా ల్యాబులో మెషీన్లు పాతబడిపోయినాయి. కంప్యూటరు నడవాలంటే లోపల ఒక సిస్టం వేసి ఉండాల కదా. మా దాంట్లో అందరూ వాడే సిస్టమే ఉండేది గానీ, నిజం చెప్పాలంటే డీలరు మనుషులు ఎక్కడి నుంచో తెచ్చి వేసిన దొంగ కాపీలు. నాకు తెలుసు, అందరికీ తెలుసు. నెలకొకసారి వైరస్సు వచ్చేది, పిల్లల రికార్డులు ఎగిరిపోయేవి, డీలరు మనిషి వచ్చి మళ్ళీ వేసిపోయేవాడు.

కొత్తవి, ల్యాప్‌టాపులు, ఇరవై నాలుగు కొనాలని కమిటీ కూర్చున్న రోజు ఆ అమ్మాయి లేచింది.

"సార్, ఈసారి లినక్స్ అనే సిస్టం ఉండే మెషీన్లు తీసుకుందాం. దానికి లైసెన్సు బాధ లేదు, దొంగ కాపీల బాధ లేదు. కానీ ఒకటే మాట. తయారుచేసిన కంపెనీ ఫ్యాక్టరీలోనే వేసి పంపినవి కావాల. ఖాళీ మెషీన్ తెచ్చి ఈడ వేసుకునేది వద్దు."

కాలేజీ నడిపే కరెస్పాండెంటు గారు మామిడి తోటల ఆసామి. కుర్చీలో వెనక్కి వాలి, "ఊరికే దొరికేదే కదమ్మా అది? యాడ వేస్తే ఏం? కంపెనీవాడు వేస్తే ఒకటి, మనోడు వేస్తే ఇంకొకటా?" అన్నారు.

"మా నాయన టైలరు సార్. మనిషిని కొలిచి కుట్టిన జాకెట్టు ఉంటాది, ఎవరికో కుట్టింది తెచ్చి పిన్నీసులు పెట్టుకునేది ఉంటాది. రెండూ గుడ్డే. చెయ్యెత్తినప్పుడు తెలుస్తాది తేడా."

కరెస్పాండెంటు గారు పకపకా నవ్వినారు. ఆ పిల్ల ఆపలేదు. కంపెనీవాళ్ళు లినక్స్‌తో అమ్మేటప్పుడు లోపలి వైఫై, కెమెరా, స్పీకరు అన్నీ దానికి సరిపోయేవే ఎంచి బిగిస్తారట, నడిపి చూసి పంపిస్తారట. రేపు ఏదైనా చెడితే ఫోన్ చేయచ్చు, వాళ్ళు వేసింది కాబట్టి వాళ్ళే జవాబు చెప్పాల. "ఎవరైనా వేసిచ్చే లినక్స్‌కి ఎవరూ జవాబు చెప్పరు సార్" అనింది.

"బాగుండాది. అట్లనే కానీండి. ల్యాబు బాగా నడిస్తే నీ పర్మనెంటు కాయితం కూడా ఆడికాడే సంతకం పెడతా, పో" అన్నారు కరెస్పాండెంటు గారు. ప్రిన్సిపాల్ సారు నా వైపు తిరిగి, "అమ్మా, ఆ అమ్మాయి రాసిచ్చినట్టే ఆర్డరు పంపండి" అన్నారు.

ఆ అమ్మాయి రాసిచ్చినట్టే. "అమ్మ చూసిందా" అని ఎవరూ అడగలేదు.

మరుసటి రోజు డీలరు వచ్చినాడు. పద్దెనిమిదేండ్ల పరిచయం, నా టేబులు ముందు కుర్చీ తనే లాక్కుని కూర్చునేంత చనువు.

"ఏందమ్మా, నిన్నగాక మొన్న వచ్చిన పాప మీకు ఆర్డర్లేస్తా ఉండాదంట? మీరుండంగా ఆ పాపెవరమ్మా?"

మంట మీద నెయ్యి పోస్తున్నాడని తెలుసు. అయినా ఆ నెయ్యి వాసన బాగుంది.

"ఫ్యాక్టరీలో లినక్స్ వేసింది కావాలంటే నెల పడతాది, తెప్పించాల. అదే మోడలు, ఖాళీది, నా గోడౌన్లో ఉండాది. మనోళ్ళు లినక్స్ వేసిస్తారు. సమానమే కదమ్మా? మీకు తెలీందా?"

కొనుగోళ్ళ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ వస్తువు అడిగినా చివర "లేదా దానికి సమానమైనది" అని కలుపుతాం. ఇంగ్లీషులో రెండే మాటలు. ఒకే కంపెనీకి కట్టుబడిపోకుండా, అడిగింది దొరక్కపోతే పని ఆగకుండా ఉండేదానికి. బల్లలకూ బీరువాలకూ సుద్దముక్కలకూ ఎన్ని వందలసార్లు ఆ రెండు మాటలు రాసి ఉంటానో. ఆ పిల్లకు కూడా నేనే నేర్పినాను. అందుకే తను ఇచ్చిన కాయితంలో కావాలనే అవి రాయలేదు. అది నాకు అర్థమైంది. అర్థమయ్యే, టైపు చేసి తెచ్చిన ఆర్డరు మీద "ఫ్యాక్టరీలో లినక్స్ వేసినవి" అన్నచోట పైన ఒక చిన్న గీత పెట్టి, నీలం పెన్నుతో ఆ రెండు మాటలు ఇరికించి, పక్కన పొట్టి సంతకం పెట్టినాను.

అలవాటు కొద్దీ రాసినానని చెప్పుకోవచ్చు. చాలా రోజులు అట్లనే చెప్పుకున్నాను కూడా. చెయ్యికి అలవాటే. కానీ ఆ నిమిషం నా మనసులో ఉన్నది ఒక్కటే: ఆ పిల్ల రాసిందే రాసినట్టు ఎందుకు జరగాల?

పెట్టెలు వచ్చిన వారం ఆ అమ్మాయి మదనపల్లెలో పరీక్షల డ్యూటీ మీద ఉంది. నాయన చెప్పినట్టు చీటీ చదివినాను. మోడలు నంబరు కింద, లోపల ఏ సిస్టమూ లేదని చిన్న అక్షరాల్లో ఉంది. పార్సిల్ చీటీల మీద చదువు నేర్చుకున్నదాన్ని, నాకు కనిపించకుండా పోతుందా? ఇరవై నాలుగు పెట్టెలకూ ఇరవై నాలుగు చీటీలు చదివి, సరుకు సరిగా ముట్టిందని సంతకం పెట్టినాను. డీలరు మనుషులు వచ్చి రెండు రోజుల్లో లినక్స్ వేసి ల్యాబులో వరసగా పేర్చిపోయినారు. ఖాళీ పెట్టెలు చీటీలతో సహా డీలరు గోడౌనుకు పంపించేసినాను.

శుక్రవారం ల్యాబు ప్రారంభం. గురువారం సాయంత్రం ఆ అమ్మాయి మదనపల్లె నుంచి నేరుగా వచ్చి, రెండు మూడు మెషీన్లు తెరిచి చూసి, తెర మీద లినక్స్ కనిపించేసరికి మురిసిపోయింది. "భలే తెప్పించినారమ్మా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులు ఏం చేయాలో తెలియక ఊరికే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున ప్రతి మెషీన్ మూత మీదా నేనే గంధం, కుంకుమ పెట్టినాను. కరెస్పాండెంటు గారు టెంకాయ కొట్టినారు. ఆ అమ్మాయి చున్నీ తల మీదికి లాక్కుని ఒక పక్కగా నిలబడి, చక్కెరపొంగలి అందరికంటే ముందు తినింది. "ఐదు గంటల బస్సు సార్, ఆకలి" అనింది. పిల్లలు నవ్వినారు.

తర్వాత ఇరవై నలుగురు పిల్లలు కూర్చుని ఒక్కసారిగా అన్నీ తెరిచినారు. ఐదు నిమిషాలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఒక మూల నుంచి, "మేడమ్, నెట్టు పోయింది." ఇంకో మూల నుంచి, "మేడమ్, నాకు అసలు వైఫై గుర్తే లేదు." కరెస్పాండెంటు గారు ఒక మెషీన్ మూత వేసి, చేతిలోకి తీసుకుని, "తేలిగ్గా ఉండాదే" అని మెచ్చుకుని మళ్ళీ తెరిచినారు. తెర నల్లగా ఉండిపోయింది. ఏం నొక్కినా లేవలేదు. ప్రొజెక్టరుకు పెట్టిన దాంట్లో బొమ్మ వచ్చింది గానీ గొంతు రాలేదు.

ఆ అమ్మాయి బెదరలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఏం పర్లేదు సార్. కంపెనీ వేసి పంపింది కదా, వాళ్ళే చెప్తారు. నిమిషం" అని, అందరికీ వినిపించేటట్టు స్పీకరు పెట్టి కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి పిల్లవాడు మర్యాదగా, కింద స్టిక్కరు మీద నంబరు చదవమన్నాడు. చదివింది. అవతల కీబోర్డు చప్పుడు.

"మేడమ్, ఈ మెషీన్ మేం ఏ సిస్టమూ వేయకుండా పంపించినదండి. ఇదే మోడల్లో లినక్స్‌తో వచ్చేది వేరే ఉంది, అందులో వైఫై కార్డు వేరు. దాంట్లో సమస్య వస్తే మేం మనిషిని పంపుతాం. దీనికి మీరు వేసుకున్న సిస్టంకి మేమేం చేయలేమండి."

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

"ఏమ్మా, నువ్వు రాసిచ్చిందే కదా ఇది?" అన్నారు కరెస్పాండెంటు గారు.

"నేను రాసింది ఇది కాదు సార్."

"మరి ఎవరు రాసినారు?"

ప్రిన్సిపాల్ సారు నా వైపు చూసి, "అమ్మా, ఆర్డరు ఫైలు తెండి" అన్నారు. తెచ్చినాను. స్టోర్సు నుంచి ల్యాబుకు నలభై అడుగులు ఉండదు. ఆ నలభై అడుగుల్లో నోరు విప్పచ్చు. విప్పలేదు. ఫైలు ఆ పిల్ల చేతికిచ్చినాను. తను పేజీలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఫైలు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడి చదివింది. తిరిగొచ్చి ఫైలు మూసి, "చూసి చెప్తాను సార్" అనింది.

అంతే. నా వైపు తల కూడా తిప్పలేదు.

కరెస్పాండెంటు గారు జేబులో నుంచి తీసిన పెన్నును మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆయన వెంట తెచ్చిన పర్మనెంటు కాయితం కవరు కూడా చంకలోకి పోయింది. "సోమవారం దాకా సూస్తా. ఇవి నడిస్తే సరి. లేదంటే పాత సిస్టమే వేయించేస్తాం, ల్యాబుకు ఇంకొకరిని సూసుకుంటాం. టైలరు కథలు సెప్పేదానికి జీతమెందుకు?" అని వెళ్ళిపోయినారు.

నాకు సంతోషం కలగాల కదా? మీకు నిజమే చెప్తాను, కలిగింది. ఒక నిమిషం పాటు. టీ గ్లాసులు గుర్తొచ్చినాయి, చప్పట్లు గుర్తొచ్చినాయి, బాగా అయింది అనుకున్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఒక్కో మెషీన్ మూత మీది కుంకుమ చెరగకుండా జాగ్రత్తగా మూసుకుంటూ పోవడం చూసినాను. నేను పెట్టిన కుంకుమ.

ఆ ఆదివారం నా కొండ ఆదివారం. అలిపిరిలో పసుపు డబ్బీ, కుంకుమ డబ్బీ తీసుకుని మొదలుపెట్టినాను. నాయనకు ఒక మెట్టు. డాక్టరుకు ఒకటి. పదో మెట్టుకో పదకొండో మెట్టుకో మాటలు మారిపోయినాయి. అది ఆనవాయితీయే కదా, ఒక మెట్టు. డీలరు మోసం చేస్తాడని నాకెట్ల తెలుసు, ఇంకో మెట్టు. ఆ పిల్ల వచ్చినాక ఒకసారి చూసుకోవద్దా, మరో మెట్టు. వంగి బొట్టు పెడుతున్నాను, స్వామికి సాకులు చెప్తున్నాను. వెనక నుంచి వస్తున్న ఒక పెద్దాయన, "అమ్మా, మెట్టుకు పసుపు పెట్టకుండా కుంకుమే పెడతా ఉండావు" అన్నాడు. చూసుకుంటే నిజమే. ఎన్ని మెట్ల నుంచో.

మెట్ల దారి నడుమ గాలిగోపురం దగ్గర కూర్చుండిపోయినాను. నీళ్ళు తాగినాను. పైకి పోయి స్వామి ముందు నిలబడి ఏం అడిగేది? ఆ పిల్ల ఉద్యోగం కాపాడు స్వామీ అనా? ఆ పని ఆయన చేయాల్సింది కాదు, నా చేతిలో ఉంది. దర్శనం చేసుకోకుండా కొండ దిగి వచ్చింది నా జన్మలో ఆ ఒక్కసారే.

సోమవారం పొద్దున కాలేజీ గేటు దగ్గర చిత్తూరు బస్సు కోసం నిలబడినాను. ఆ అమ్మాయి దిగింది. నన్ను చూసి ఆగింది.

"ఆ రెండు మాటలు నేనే రాసినాను" అన్నాను.

"తెలుసమ్మా. మీ చేతిరాత నాకు తెలీదా? మీ రాత చూసే కదా నేను నేర్చుకునింది."

"మరి శుక్రవారం అంతమందిలో ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్తారేమో చూద్దామని." ఫోన్ తీసి చూపించింది. ఆర్డరు పేజీ, నా నీలం గీత, నా పొట్టి సంతకం, స్పష్టంగా ఫొటో. కిటికీ దగ్గరికి పోయింది వెలుతురు కోసమని అప్పుడు అర్థమైంది. "ఈరోజు పదకొండు గంటల దాకా చూసి, సార్‌కి పంపిద్దామనుకున్నా. నేనేం అంత మంచిదాన్ని కాదమ్మా. రెండు రోజులు నిద్ర లేదు, మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో."

"ఎందుకు చేసినానని అడగవా?"

"అడగను. ఏం చెప్తారో తెలుసు. ప్రింటరు బాగుచేసిన రోజు మీ ముఖం చూసినా."

నా ముఖం అంత చదువుకునేటట్టు ఉంటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

డీలరుకు ఫోన్ చేస్తే, "ఆర్డర్లో మీరే రాసినారు కదమ్మా, సమానమైనదని. సరుకు ముట్టిందని సంతకం కూడా మీదే. వాపసు ఎట్ల తీసుకునేది?" అన్నాడు. న్యాయమే. వాపసు తీసుకోవాలంటే ఒకటే దారి ఉంది. కమిటీ ఒప్పుకున్న దాంట్లో ఆ మాటలు లేవు, ఎవరికీ చెప్పకుండా స్టోర్సు గుమస్తా సొంతంగా కలిపింది, కాబట్టి ఆ ఆర్డరు చెల్లదు అని నా చేత్తో నేను రాసివ్వాల. అది నా సర్వీసు ఫైల్లోకి పోతుంది. రిటైరయ్యేదానికి ఇంక ఎనిమిది నెలలు.

కూర్చుని రాసినాను. "పొరపాటున కలిపినాను" అని రాసినాను. చదువుకున్నాను. చీటీ చదవకుండా సంతకం పెట్టకూడదు కదా. "పొరపాటున" అన్నది కొట్టేసి, పైన చిన్న గీత పెట్టి "తెలిసే" అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టినాను. అదే నీలం పెన్ను.

ప్రిన్సిపాల్ సారు రెండుసార్లు చదివినారు. "అమ్మా, పొరపాటు అనే ఉండనివ్వచ్చు కదా. ఎవరడుగుతారు?" అన్నారు మెల్లగా.

"అట్లయితే డీలరు ఒప్పుకోడు సార్" అన్నాను. నిజానికి ఒప్పుకునేవాడే. కానీ ఆయనకు అంతకంటే ఏం చెప్పగలను?

"కూర్చోండి" అన్నారు. ఆ రోజు కూర్చున్నాను. టీ రాలేదు.

కరెస్పాండెంటు గారు ప్రిన్సిపాల్ సారుతో ఫోన్లో ఎంతసేపు ఏమన్నారో నాకు తెలియదు. మెషీన్లు వాపసు పోయినాయి. నెల తర్వాత అసలైనవి వచ్చినాయి. పెట్టెలు దించుతుంటే ఆ అమ్మాయి నన్ను పిలిపించింది. "చీటీ మీరు చదవండమ్మా." చదివినాను, గట్టిగా, అందరికీ వినిపించేటట్టు. లినక్స్ అని అచ్చయి ఉంది. ఒకటి తెరిచి బటన్ నన్నే నొక్కమంది. నొక్కినాను. మెషీనే ఏ భాష అని అడిగింది, పేరు అడిగింది, వైఫై ఏదని అడిగింది. అంతే, నడిచింది. ఎవరూ వచ్చి ఏమీ వేయలేదు, ఎవరూ బుజ్జగించలేదు, అట్ట ముక్క పెట్టలేదు. మూత వేసి తీసినాను, వెంటనే లేచింది. ఇరవై నాలుగూ అంతే. మా చేతికి పని ఏమీ మిగల్చకుండా ఎక్కడో ఎవరో ముందే అన్నీ సరిచూసి పంపించినారు. ఆ మెషీన్ మీద కూడా నాకు కొంచెం కుళ్ళు పుట్టిందంటే నమ్ముతారా?

అమ్మాయి పర్మనెంటు కాయితం మీద ఆ వారమే సంతకం అయింది. కొనుగోళ్ళ రిజిస్టరు నా దగ్గర నుంచి తీసేసినారు. చివరి ఏడు నెలలూ స్టడీ సర్టిఫికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాను. రిజిస్టరు ఎవరికిచ్చినారో ఊహించే ఉంటారు. నేనే రెండు చేతులతో ఇచ్చినాను. ఆ కిటికీలో కూర్చుంటే పక్క గది మాటలు వినిపించేవి. డీలరుతో ఆ పిల్ల మాట్లాడేది విన్నాను. "సమానమైనది వద్దన్నా. రాసిందే కావాల." నా కంటే గట్టిగా అడిగేది. నా కంటే బాగా అడిగేది. ప్రతిసారీ ఇక్కడ, ఛాతీ కింద, చిన్నగా కలుక్కుమనేది.

ఇప్పుడు తిరుపతిలోనే ఇల్లు తీసుకుంది, వాళ్ళమ్మ కూడా వచ్చేసింది. అప్పుడప్పుడు ఊరగాయ సీసా పంపిస్తుంది. నాకొక కంప్యూటరు కావాలంటే తనే చూసి, ఫ్యాక్టరీలో లినక్స్ వేసింది తెప్పించి ఇచ్చింది. ఇది రాస్తున్నది దాని మీదే. పెట్టె మీది చీటీ కత్తిరించి దేవుడి గూట్లో, నాయన తెచ్చిన పాత పార్సిల్ చీటీ పక్కన పెట్టుకున్నాను.

పొద్దున దీపం పెట్టి నా వరస చెప్పుకుంటాను. నాయన, అమ్మ, డాక్టరు, ఉద్యోగమిచ్చినవాళ్ళు, పక్కింటామె, పాలు పోసే ఆయన. ఆ తర్వాత ఆ అమ్మాయి. ఇప్పుడు దాటేసి పోవడం లేదు. ఇంకొంచెం ముందుకు జరపాలని రోజూ అనుకుంటాను. రెండేండ్లయింది. ఇంకా పాలాయన వెనకే ఉంది.